సున్నం పడని గట్టు

డ్రమ్ములో సున్నపురాళ్ళ మీద నీళ్ళు పడగానే కుతకుతమని పొంగి తెరేసమ్మ ముంజేతి మీద చిట్లింది. అమ్మో అనుకోవడానికి కూడా ఆమెకు తీరిక లేదు. కొంగుతో తుడుచుకుని, కర్రతో కలుపుతూనే కేకేసింది.

"అమలా, కుంచెలు తేవే! పొద్దు నడినెత్తికొచ్చింది. సగం సమాధులు ఇంకా మట్టి మొకాలేసుకుని చూస్తన్నయ్యి."

"తెస్తన్నానత్తా, వంగలేకపోతన్నా," అంది అమలమ్మ, ఒక చేత్తో కుంచెలు, ఇంకో చేత్తో నడుం పట్టుకుని. తెరేసమ్మ కోడలికి అది అయిదో నెల.

"వంగొద్దులే. నుంచుని సిలవలకు కొట్టు. వంగే పనికి ముసలిదాన్ని నేనున్నాగా."

నవంబరు రెండో తారీఖు, యాగప్పపేటలో సమాధుల పండగ. గన్నవరం దాటాక కాలవ గట్టును ఆనుకుని ఉన్న ఆ పేటలో అందరూ కతోలికులే, అందరూ కూలి చేసుకునేవాళ్ళే. వరి పాలు పోసుకునే రోజులు కాబట్టి పొలాల్లో పెద్దగా పని ఉండదు. ఉన్నా ఆ రోజు ఎవరు పిలిచినా ఎవరూ వెళ్ళరు. ఏ ఇంటి ఆడవాళ్ళు ఆ ఇంటి సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు చల్లుతారు. పొద్దుగూకే వేళ ఫాదర్‌గారు వచ్చి తీర్థం చల్లి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ పక్కన కాసేపు కూర్చుని ఇంటి కబుర్లు చెప్పి వస్తారు. కోడలు ఎలాంటిదో, గేదె పాలు ఎందుకు తగ్గించిందో, అన్నీ చెబుతారు. పోయినవాళ్ళు వింటారనే అందరి నమ్మకం. వినకపోతే అంతసేపు చెప్పడం ఎందుకు?

ఈ ఏడు మాత్రం కబుర్ల మీద కంటే సున్నం మీదే అందరి ధ్యాస. సున్నం పడ్డ చోటు పేటది, పడని చోటు పేటది కాదు అని ఒప్పందం జరిగింది మరి.

అది ఎలా జరిగిందో చెప్పాలి. సమాధుల దొడ్డి వెనక దుర్గాప్రసాద్ గారి వెంచరు ఉంది. మూడు తరాల పేటవాళ్ళు నాట్లు వేసి కోతలు కోసిన మాగాణి అది. ఇప్పుడు రంగు రాళ్ళు పాతి, తాటిచెట్టంత కమాను కట్టారు. మూడు వందల కూలికి అక్కడ నడుములు వంచిన ఆడవాళ్ళు, ఇప్పుడు గజం పదిహేను వేలని విని నోళ్ళు తెరిచారు. అన్నీ ఉన్నాయి గానీ ఆ వెంచరుకు హైవే మీదకు తిన్నని దారి లేదు. సమాధుల దొడ్డికి ఉత్తరపు వైపున ఉన్న గట్టు తీసేస్తే కార్లు నేరుగా వెళ్ళిపోతాయి. అందుకని దసరా వెళ్ళిన వారం దుర్గాప్రసాద్ పేటలోని చర్చి వరండాలోకి వచ్చాడు. కుర్చీ వేస్తుంటే వద్దని, మగవాళ్ళతో పాటు చాప మీద కూర్చున్నాడు. వాళ్ళ నాన్న బతికున్న రోజుల్లో ఈ మగవాళ్ళ తండ్రులు ఆ ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడేవాళ్ళు. కొడుకు వచ్చి చాప మీద కూర్చున్నాడంటే సగం పని అప్పుడే అయిపోయింది.

మిగతా సగం మాణిక్యం వల్ల అయింది.

"మేజరుగారూ, రోడ్డుకు మీ పేరే పెడతానండీ," అన్నాడు దుర్గాప్రసాద్. "హైవే మలుపులో మీ బొమ్మ. యూనిఫారం, గుండె మీద వీరచక్ర. హైదరాబాదు నుంచి ప్లాటు చూడ్డానికి వచ్చేవాడు ముందు మీకు దణ్ణం పెట్టి లోపలికి రావాలి."

"మేజర్ని కాదండి. హవల్దారుగా దిగిపోయాను."

"మా దృష్టిలో మేజరేనండీ. ఇంకో మాట. మీవాళ్ళ సమాధి ఒక్కటి కూడా కదలడానికి వీల్లేదు. గోడ కట్టించే పూచీ నాది. ఎక్కడిదాకా మీది, ఎక్కణ్ణించి ఖాళీ, అది మీరే చెప్పండి. శత్రువు ఉన్న చోటికి అందరికంటే ముందు పోయి చూసొచ్చిన కళ్ళు మీవి. మీరు గీసిందే గీత."

మాణిక్యం ఆలోచించాడు. సైన్యంలో నేర్చిన లెక్కే నోటికొచ్చింది. గుర్తు ఉన్నదాన్ని ఉన్నట్టు, గుర్తు లేనిదాన్ని ఖాళీగా తీసుకోవాలి. "పండగనాడు ఎటూ సున్నం కొడతాం," అన్నాడు. "సున్నం పడ్డదాకా మాది. పడంది మాది కాదు."

అందరూ తలలూపారు. ధర్మంగానే ఉంది కదా. ఆ చాపల మీద ఒక్క ఆడమనిషి లేదు. మగవాళ్ళు ఇళ్ళకు వచ్చి, "ఈసారి సున్నం బాగా కొట్టండే, రోడ్డోళ్ళొచ్చి చూస్తారు" అని మాత్రం చెప్పారు. రోడ్డు ఎటు వైపు నుంచో వీళ్ళు చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

మాణిక్యం సంగతి పేటలో తెలియనివాళ్ళు లేరు. బంగ్లాదేశ్ యుద్ధం నాటికి ఇరవయ్యేళ్ళవాడు. పెళ్ళయి ఏడాది. దళం కదలకముందే చీకట్లో పోయి, ఎదటివాళ్ళు ఎక్కడ ఉన్నారో, ఫిరంగులు ఎటు తిప్పి పెట్టారో చూసి రావడం అతని పని. తుపాకీ పేల్చకుండా తిరిగొస్తేనే ఆ పనిలో గొప్ప. ఒకసారి చూస్తూ చూస్తూ ఉండగానే తెల్లారిపోయింది. వెనక్కి పోవడానికి దారి లేదు. ఒక పల్లె చివర ముసల్మానుల శ్మశానం, అందులో వానలకు కుంగిపోయిన పాత సమాధి ఒకటి కనబడితే దాంట్లోకి దూరి, మీదకు తాటాకు లాక్కున్నాడు. పక్కనే ఎముకలు. వాటికి భుజం ఆనించి పగలంతా పడుకున్నాడు. ఎదటివాళ్ళ బూట్లు తల పక్క నుంచే పోతున్నాయి. "తాతా, ఇవాళొక్క రోజు జరుగు తాతా" అని తెలుగులోనే బతిమాలుకున్నాడు. ఆ కన్నంలోంచే ఫిరంగుల జాడ కనిపెట్టి, చీకటి పడ్డాక పాక్కుంటూ వెళ్ళి చెప్పాడు. ఆ కబురు వల్ల ఒక దళం దళమంతా ప్రాణాలతో ఏరు దాటింది. తర్వాత ఢిల్లీకి పిలిచి, సగం నీలం సగం కాషాయం పట్టీతో వెండి బిళ్ళ గుండెకు తగిలించారు. ఆ బిళ్ళ చూపించి ఎకరం పొలం అడగమన్నారు అందరూ. అడిగాడు. ఇచ్చామన్నారు. ఎక్కడ ఇచ్చారో ఇప్పటిదాకా చూపించలేదు. సైన్యం నుంచి దిగాక బెజవాడలో ఒక గోడౌనుకు కాపలా కాసి, ఇద్దరు కూతుళ్ళను పెంచాడు.

బిళ్ళ ట్రంకుపెట్టెలో ఉండిపోయింది గానీ, సమాధిలో పక్కనున్న మనిషి మాత్రం అతని వెంటే వచ్చేశాడు. ఆ పగలు గడిచి యాభై ఏళ్ళు దాటినా మాణిక్యం మంచానికి ఒక అంచునే పడుకుంటాడు. కుడి భుజం పక్కన ఇంకొకరికి చోటు వదులుతాడు. చలికాలమైతే దుప్పటి కూడా అటు సగం కప్పుతాడు. భార్య శౌరమ్మ బతికున్న రోజుల్లో అమ్మలక్కలతో చెప్పి నవ్వేది. "మా మంచం మీద ముగ్గురం పడుకుంటామమ్మా. ఆ ముసల్మాను తాత గురక పెట్టడు, అదొక్కటే నయం." నవ్వేదే గానీ ఆ చోటులోకి ఆమె ఏనాడూ జరగలేదు.

అన్నాల వేళకు శాలిని స్కూటీ మీద వచ్చింది. మాణిక్యం పెద్దకూతురి కూతురు. డిగ్రీ అయ్యాక దుర్గాప్రసాద్ వెంచరు ఆఫీసులోనే ఫోన్లు ఎత్తే పని దొరికింది. చేతిలో కొత్త కోటు.

"తాతయ్యా, లే. ఏసుకుని చూడు. రేపు పదింటికి ఫంక్షను. భుజాలు పట్టకపోతే మళ్ళా పటమట పోయి సరిచేయించుకురావాల."

శౌరమ్మ సమాధి అంచున కూర్చున్న మాణిక్యం తలెత్తాడు. "ఈ ఎండలో కోటేంటే? పోయినోళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. బొమ్మ చూశా తాతయ్యా! గుడ్డ కప్పి ఉంచారు, కొంచెం ఎత్తి చూశా. మీసాలు నీవే. ముక్కే ఎవరిదో పెట్టారు."

"ముక్కు ఎవరిదైతే ఏంలేవే," అంది తెరేసమ్మ కుంచె ఆపకుండా. ఆమె శౌరమ్మకు పినతల్లి కూతురు, మాణిక్యానికి మరదలి వరస. "దాని మీద కోపమొకటి పెట్టమను. మా బావేనని కాకులు కూడా గుర్తుపట్టి దూరంగా పోతయ్యి."

అమలమ్మ పక్కున నవ్వింది. మాణిక్యం కూడా నవ్వాడు. శాలిని నవ్వలేదు. కోటు భుజాల దగ్గర సర్దుతూ మెల్లగా అంది. "పేట లోపల మనోళ్ళ బొమ్మలు ఉన్నయ్యి తాతయ్యా. హైవే మీద ఒక్కటుందా? కాలేజీలో ఏ ఊరంటే యాగప్పపేట అని చెప్పలేక గన్నవరం అనేదాన్ని. రేపట్నించి వీరచక్ర మాణిక్యం రోడ్డు అని చెప్తా."

చెప్పొద్దూ, మాణిక్యం గుండె నిండిపోయింది. 'ఒరే' అన్న పిలుపుతోనే బతికి ఆ పిలుపుతోనే పోయాడు అతని తండ్రి. ఆయన పేరు రాయప్ప అని పేటలో కూడా సగం మందికి తెలియదు.

అంతలోనే పెద్ద ట్రాలీ మీద ప్రొక్లైనర్ వచ్చింది. దాన్ని దింపి పక్కన నిలబెట్టి, నడిపే మనిషి నేరుగా మాణిక్యం దగ్గరకు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెడలో తువ్వాలు.

"సలాం తాతా. నా పేరు హుమాయూన్, మాది పటమట. రేపు పొద్దున మట్టి తీసేది నేనే. కింద ఏమన్నా ఉన్నయ్యా? ముందే చెప్పండి. ఈ పనిలోకి వచ్చేటప్పుడు మా అమ్మ ఒకటే చెప్పింది, మట్టిని తియ్యి గానీ మనిషిని తియ్యకురా అని."

"సున్నం లేని చోట ఏమీ లేదు బాబూ," అన్నాడు మాణిక్యం. "నీ పేరు హుమాయూనా? అయితే కూర్చో. మీవాళ్ళ సమాధిలో ఒక పగలంతా నాకు చోటిచ్చారు." ఆ కథంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడి చేత్తో పక్కనున్న ఖాళీని నిమురుతూనే ఉన్నాడు.

"ఫాతిహా చదివారా తాతా ఆయనకి?"

"నాకు రాదుగా. పరలోక జపం చదివా."

హుమాయూన్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అందే ఉంటుందిలెండి. లేకపోతే ఆయనే అరిచి మిమ్మల్ని పట్టించేవాడు." అని నవ్వి, ఎర్రజెండాల కట్ట తీసుకుని ఉత్తరపు గట్టు మీదకు ఎక్కాడు. ఒక్కో జెండా పాతుకుంటూ పోయాడు.

తెరేసమ్మ కుంచె ఆగింది.

"అక్కడెందుకు బావా జెండాలు పాతతన్నాడు?"

"రోడ్డు అక్కడే గదా."

"ఎక్కడ?"

"ఆ గట్టే. అది తీసేసి రోడ్డేస్తారు. నీకు చెప్పలా?"

అమలమ్మ ఒక్కసారి అటు చూడబోయి చటుక్కున మొహం తిప్పేసుకుంది. ఆ పేట ఆడవాళ్ళు అందరూ అంతే, ఆ పక్క నుంచి నడిచినా తల ఇటే తిప్పుకుని నడుస్తారు. మగవాళ్ళు అది ఏదో ఆడాళ్ళ చాదస్తం అనుకుని వదిలేశారు.

"అది ఖాళీ అని ఎవడు చెప్పాడు బావా?" తెరేసమ్మ గొంతు తగ్గింది.

"నేనే చెప్పా. సున్నం లేదుగా అక్కడ."

"నువ్వా!" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి శాలిని దగ్గరకొచ్చింది. "ఎదటోడి ఫిరంగులు ఎటు తిరిగున్నాయో చూసొచ్చావు. నీ పేటలో ఎవరు ఎక్కడ పడుకున్నారో తెలవదా నీకు? అది నీళ్ళు పడని పిల్లల గట్టు బావా."

తల మీద నీళ్ళు పోసి పేరు పెట్టే జ్ఞానస్నానం అందకముందే పోయిన పసిగుడ్డును మిగతా సమాధుల మధ్య పూడ్చకూడదని పాతకాలపు ఫాదర్లు చెప్పారట. అప్పటి నుంచి పురిట్లోనే పోయిన బిడ్డల్ని ఆ ఇంటి ఆడవాళ్ళే పాత చీరలో చుట్టి తీసుకొచ్చి, ఉత్తరపు గట్టు మీద పూడ్చి పోయేవాళ్ళు. సిలువ పెట్టరు, పూలు చల్లరు, పేరు పెట్టరు. గుర్తు పెడితే ఆ బిడ్డ తల్లిని వెతుక్కుంటూ వస్తుందని, వచ్చి కడుపులో ఉన్న తర్వాతి బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకుపోతుందని భయం. ఇప్పటి ఫాదర్లు అలా అనరు. పసిబిడ్డకేం పాపం అంటారు. ఫాదర్లు మారినంత తేలిగ్గా పేట మారదు. నిరుడు బెజవాడ పెద్దాసుపత్రి నుంచి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చిన అమలమ్మ బిడ్డను కూడా తెరేసమ్మే తీసుకొచ్చి అక్కడ పెట్టింది. పేటలో ఆ గట్టు మీద ఎవరూ లేని ఇల్లు లేదు. తమ బిడ్డ మీద సున్నం వేసిన ఇల్లూ లేదు.

మాణిక్యం గట్టు వైపు తిరిగాడు. "మాదీ ఉందా?"

"ఉండక ఎక్కడికి పోద్ది? నువ్వు అక్కడ సమాధిలో పడుకున్న నెల్లోనే అక్క ఇక్కడ నొప్పులు పడింది. మోసుకొచ్చింది నేను. అప్పటికి నాకు ఒంటి మీద పైట కూడా సరిగ్గా నిలిచేది కాదు."

"ఎక్కడ?"

"ఏమో బావా. అప్పటికీ ఇప్పటికీ ఎన్ని వరదలొచ్చినయ్యి, గట్టు ఎంత కరిగింది. ఎక్కడో అక్కడే."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడిగావా? బ్యాండు మేళంతో దిగావు, బిళ్ళ పెట్టుకుని. పేటంతా నిన్ను భుజాల మీద ఎత్తుకుంది. అక్క గుమ్మంలో నుంచుని చూసింది. ఆ సాయంత్రం ఒక్క మాట అడిగావా దాన్ని?"

"దక్కలేదంది. ఇంకేం అడుగుతా తెరేసా?"

శాలిని ముందుకొచ్చింది. "చిన్నమ్మమ్మా, ఇప్పుడేం మించిపోలా. పండగ ఇంకా అయిపోలేదుగా. ఆ గట్టుక్కూడా సున్నం కొట్టెయ్యండి. సాయంత్రం మా సార్ వచ్చి చూసుకుంటారు. సున్నం ఉంటే ఆయనైనా ఏం చేస్తాడు?"

"కొట్టకూడదే."

"ఎవరు చూశారు చిన్నమ్మమ్మా అయ్యన్నీ? ఫాదర్‌గారిని అడుగుదాం."

ఫోన్ చేసి అడిగారు కూడా. కొట్టండమ్మా, తప్పేం లేదు, అన్నారాయన. అయినా ఒక్క చెయ్యి కదలలేదు. నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు గానీ, ఎవరూ ఎవరి మొహాల్లోకీ చూసుకోలేదు. మాణిక్యం లేచాడు. సున్నం బకెట్టు ఎత్తుకుని గట్టు వైపు నడిచాడు. అంచుకు చేరాడో లేదో వెనక నుంచి అమలమ్మ అరుపు వినిపించింది.

"వద్దు మామయ్యా! నీకు దణ్ణం పెడతా, వద్దు! నా కడుపులో ఉంది, అడుగో తంతన్నాడు, వద్దు!"

ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుని కింద కూర్చుండిపోయింది. మాణిక్యం బకెట్టు దించేశాడు. తుపాకులు అతన్ని ఆపలేకపోయిన రోజులున్నాయి. ఆ అరుపు ఆపింది.

పొద్దుగూకింది. ఫాదర్‌గారు వచ్చి తీర్థం చల్లి, ఇంకో పేటకు వెళ్ళాలని త్వరగానే వెళ్ళిపోయారు. తెల్లని సమాధుల మీద కొవ్వొత్తులు వరసగా వెలిగాయి. కారు దిగిన దుర్గాప్రసాద్ చెప్పులు విప్పి, దొడ్డి చుట్టూ భక్తిగా నడిచి, సున్నం ఎక్కడిదాకా ఉందో చూసుకుని వెళ్ళిపోయాడు. ఉత్తరపు గట్టు ఒక్కటే చీకటి.

మాణిక్యం శౌరమ్మ పక్కన కూర్చున్నాడు. ఏటా చెప్పే కబుర్లలో ఒక్కటీ నోటికి రాలేదు. అలవాటు చొప్పున కుడి పక్కన చోటు వదిలాడు. ఎప్పుడూ ఉండే ఆ తాత బరువు అక్కడ తెలియలేదు. ఆ చోటులో ఏదో కదిలింది. చాలా చిన్నది. మోచేతికి కూడా ఎత్తు రాదు. అతను అటు చూడలేదు. చూస్తే పోతుందేమోనని భయం, చూడకపోయినా ఉంటుందేమోనని ఇంకో భయం. ఇన్నేళ్ళూ మంచం మీద తను ఎవరికి చోటు వదిలాడో, దుప్పటి ఎవరికి కప్పాడో, ఆ సాయంత్రం మొదటిసారి అతనికి అనుమానం వచ్చింది. కొవ్వొత్తి ఆరేదాకా శౌరమ్మను ఆ మాటే అడుగుతూ కూర్చున్నాడు. ఆమె బతికున్నప్పుడు చెప్పనిది ఇప్పుడెందుకు చెబుతుంది?

తెల్లారి పదింటికి హైవే మలుపులో షామియానా, బ్యాండు, ఫ్లెక్సీలు. ఫ్లెక్సీల మీద దుర్గాప్రసాద్ పెద్దగా, మాణిక్యం కొంచెం చిన్నగా. తెల్లగుడ్డ కప్పిన బొమ్మ. ఆ వెనకే గట్టు, గట్టు పక్కన ప్రొక్లైనర్ మీద హుమాయూన్. పేటంతా వచ్చింది. మగవాళ్ళు ఉతికిన చొక్కాలతో ముందు వరసలో, ఆడవాళ్ళు వెనక. మైకు శాలిని చేతిలో ఉంది. రాత్రంతా ఏడ్చిన కళ్ళకు కాటుక పెట్టుకుంది.

మాణిక్యం కోటు వేసుకుని, వీరచక్ర పెట్టుకుని వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"మేజరుగారూ, ముహూర్తం దగ్గరపడింది. మీ చేత్తో ఆ తాడు లాగండి. అటు ప్రొక్లైనర్ మొదటి బొచ్చె మట్టి ఎత్తుతుంది," అన్నాడు దుర్గాప్రసాద్. హుమాయూన్‌కు సైగ చేశాడు. ఇంజన్ పెద్ద చప్పుడుతో లేచింది.

మాణిక్యం తాడు ముట్టుకోలేదు. మైకు ఇమ్మని చెయ్యి చాపాడు. శాలిని ఒక్క క్షణం దుర్గాప్రసాద్ వైపు, ఒక్క క్షణం తాత వైపు చూసి, ఇచ్చేసింది.

సైన్యంలో పై ఆఫీసరు ముందు నిలబడ్డట్టు అతను మడమలు దగ్గరకు చేర్చాడు. "నా పని ముందు పోయి చూసి రావడం. చూసొచ్చింది చూసొచ్చినట్టు చెప్పడం. ఈ గట్టు సంగతి నేను చూడకుండా చెప్పాను. తప్పు చెప్పాను. ఇప్పుడు సరిగ్గా చెప్తన్నా. ఇది ఖాళీ కాదు. ఇక్కడ మనుషులున్నారు. నేను తాడు లాగను."

బ్యాండువాళ్ళు ఏం చేయాలో తెలియక ఒకసారి వాయించి ఆపేశారు. దుర్గాప్రసాద్ నవ్వు మొహం చెదరనివ్వలేదు. దగ్గరకొచ్చి, మైకుకు కొంచెం ఎడంగా మాట్లాడాడు.

"ఏంటండీ ఇది? గీత గీసింది మీరు. నిన్న సాయంత్రందాకా ఆగాను, నా కళ్ళతో చూశాను. సున్నం పడ్డ చోట గడ్డిపరక కూడా నేను ముట్టుకోను. మాట మీద నిలబడ్డానా లేదా?"

"నిలబడ్డారు. నా గీతే తప్పండి."

"సరే, తప్పే అనుకుందాం. ఎవరున్నారండీ అక్కడ?" ఈసారి దుర్గాప్రసాద్ గొంతు పెంచి పేటవాళ్ళ వైపు తిరిగాడు. "మనుషులంటున్నారు కదా. మనిషన్నాక పేరుంటుంది. ఒక్క పేరు చెప్పండి. ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడే మిషన్ ఆపిస్తాను."

అతను కావాలని అన్నాడో, ఊరికే అన్నాడో గానీ, ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ గట్టు మీద ఉన్న ఎవరికీ పేరు లేదు. నీళ్ళు పడనిదే పేరు పెట్టరు కదా. ఇంజన్ హోరు మాత్రం వినపడుతోంది. తెరేసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి అమలమ్మ కదిలింది. తల వంచుకుని నాలుగడుగులు వచ్చింది, ఆగింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. మెల్లగా మొహం తిప్పి, ఉత్తరపు గట్టు వైపు తిన్నగా చూసింది. ఆ పేటలో కడుపుతో ఉన్న ఆడమనిషి అటు చూడడం అదే మొదలు. ఆమె పెదాలు కదిలాయి. చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

శాలిని తాత చేతిలోంచి మైకు తీసుకుని వేదిక దిగింది. "శాలినీ!" అని దుర్గాప్రసాద్ పిలిచాడు. ఆమె వెనక్కి తిరగలేదు. మైకు అమలమ్మ నోటి ముందు పెట్టింది.

"రోజీ," అంది అమలమ్మ. లౌడుస్పీకరులోంచి వచ్చిన తన గొంతుకు తనే ఉలిక్కిపడింది. "పేరు పెట్టలేదండీ. మనసులో పిలుచుకుంటా. నా పెద్దకూతురు రోజీ."

తర్వాత వెనక నుంచి ఒక ముసలమ్మ, అడక్కుండానే, "మావోడు ఇన్నయ్య" అంది. ఇంకొకామె ముక్కు చీదుకుంటూ, "చిట్టి అనుకునేదాన్ని, పేరేం కాదు, చిట్టి" అంది. శాలిని మైకు పట్టుకుని ఆ వరసలో నడుస్తూ పోయింది. కొందరు పేరు చెప్పారు. కొందరు తల అడ్డంగా ఊపి ఏడ్చారు. మగవాళ్ళు వెనక్కి తిరిగి తమ ఆడవాళ్ళను కొత్త మనుషుల్ని చూసినట్టు చూస్తున్నారు.

చివరికి ఆ మైకు మాణిక్యం దగ్గరకు తిరిగొచ్చింది. అతను అందుకున్నాడు. నోరు తెరిచాడు. ఏ పేరూ రాలేదు. కోటు లోపల చెమట కారుతోంది. పేటంతా అతని వైపు చూస్తోంది. అతను జనంలో తెరేసమ్మ ఎక్కడుందో వెతుక్కున్నాడు.

"తెరేసా," అన్నాడు. మైకు చేతిలో ఉన్న సంగతి మరిచిపోయాడు. ఆ మాట షామియానా దాటి, హైవే మీద పోయే లారీల దాకా వెళ్ళింది. "తెరేసా... ఆడపిల్లా, మగబిడ్డా?"

తెరేసమ్మ నోట్లోంచి కొంగు తీసింది. ఏదో చెప్పబోయింది. ఇంజన్ చప్పుడుకు ఆమె గొంతు చాలలేదు.

పైన కూర్చున్న హుమాయూన్ ఆమె వైపు చూశాడు, దుర్గాప్రసాద్ వైపు చూడలేదు. ఆమె మాట వినపడడానికి, తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.